బావిలో మునిగే మనిషి చెవి, నేను అడగని ఒక ప్రశ్న

తిరుపతిలో ఈఎన్‌టీ ప్రాక్టీస్ పెట్టుకుంటే గాలి ఒత్తిడికి చెవి పట్టేసిన కేసులన్నీ ఎక్కడ్నుంచి వస్తాయంటే కొండ మీద నుంచే. జలుబుతో దర్శనానికి పోతారు, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు చెవి మూసుకుంటుంది, అలిపిరి దాటినా తెరుచుకోదు, బస్సు దిగి నేరుగా క్లినిక్‌కి వచ్చేస్తారు. రేణిగుంటలో ఫ్లైట్ దిగి వచ్చేవాళ్ళు ఇంకొందరు. నీళ్ళలో మునిగి చెవి పాడు చేసుకున్నోళ్ళు నా దగ్గరికి దాదాపు రారు, మనకి సముద్రం దగ్గర్లో లేదు కదా అని నేనూ పెద్దగా ఆలోచించలేదు. మన పల్లెల్లో బావులుంటాయన్న సంగతి ఈ పేషంట్ వచ్చి గుర్తు చేశాడు. అతన్ని అడిగే రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

ఇరవైల చివర్లో ఉన్న మనిషి, చిత్తూరు వైపు పల్లె. కొంచెం చేను, నాలుగు పాడి ఆవులు. దాంతోపాటు చుట్టుపక్కల ఏ ఊళ్ళో బావిలో మోటారు మునిగినా, పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ ఊడినా, బిందె పడినా కబురు ఇతనికే. చిన్నప్పుడు నడుముకి బెండు కట్టి వాళ్ళ మామ బావిలోకి తోసేశాడంట, అప్పట్నుంచి నీళ్ళంటే భయం లేదు. 2021 నవంబర్ వానలకి మా వైపు ఏళ్ళ తరబడి ఎండిపోయిన బావులు కూడా నిండినాయి, ఎప్పుడో బావి లోపల అరుగు మీద పెట్టి మర్చిపోయిన మోటార్లు అట్లాగే నీళ్ళ కిందకి పోయినాయి, అప్పట్నుంచి ఇతనికి ఇది ఒక సంపాదన అయింది. సిలిండర్ లేదు, మాస్క్ లేదు, ఒక గోచీ, ఒక మోకు అంతే. ఫోన్లో ఫ్రీడైవింగ్, అంటే సిలిండర్ లేకుండా ఒకే ఊపిరి మీద లోతుకి మునిగే ఆట, దాని వీడియోలు తెగ చూస్తాడు. "నేను చేసేదీ అదే గదా మేడం, నాకు మెడల్ ఇచ్చేవాళ్ళు లేరంతే" అన్నాడు, కాదనడానికి నా దగ్గర మాట లేదు.

మొదటిసారి వచ్చింది కుడిచెవి నొప్పితో. మూడు రోజుల ముందు ఒక బావిలో మోటారుకి మోకు కట్టడానికి మునిగాడు, నీళ్ళు అయిదు మట్లు, అంటే అయిదు మనుషుల నిలువు, ఎనిమిది మీటర్లు వేసుకోండి. పైన రెండు మట్లలోనే చెవిలో పొడిచినట్టు నొప్పి వచ్చింది, ఎప్పుడూ వచ్చేదేలే అని పళ్ళు బిగించి దిగిపోయాడు, కట్టి పైకొచ్చాడు. రాత్రికి చెవి దిమ్మెక్కిపోయింది, తన మాట తనకే కుండలో మాట్లాడినట్టు వినపడతా ఉంది. ఇంట్లో తెల్లగడ్డ వేసి కాచిన నూనె పోశారు. ఇది మాత్రం దయచేసి ఎవరూ చేయొద్దు, కర్ణభేరికి చిల్లు పడి ఉంటే ఆ నూనె నేరుగా మధ్యచెవిలోకి పోతుంది. ఇతని అదృష్టం, చిల్లు లేదు.

నూనె తుడిచి చూస్తే కర్ణభేరి వెనకాల నీలంగా, నల్లగా, కొంచెం ముందుకి ఉబ్బి కనపడింది, మధ్యచెవిలో రక్తం నిలిచింది. దీనికి టీడ్ గ్రేడింగ్ అని ఒకటి వాడతాం, అందులో నాలుగు. అయిదు అంటే చిల్లు పడినట్టు. అయితే ఇక్కడ అసలు ప్రశ్న గ్రేడ్ కాదు, దెబ్బ మధ్యచెవితో ఆగిందా, లోపలి చెవికి పోయిందా అన్నది. దానికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు, 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్, అంటే కొడితే మోగే రెండు కొమ్మల ఫోర్క్, నుదుటి మీద పెడితే చాలు. కుడిచెవిలో గట్టిగా వినపడుతోంది అన్నాడు, అంటే దెబ్బ తగిలిన చెవి వైపే. మధ్యచెవి మూసుకుపోతే శబ్దం అటే లాగుతుంది, లోపలి నరం పోతే ఎదుటి చెవికి పోతుంది. తల తిరగడం లేదు, హోరు లేదు. ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, కూడా అదే చెప్పింది, శబ్దం లోపలికి చేరడంలోనే లోపం, నరం బాగుంది. ఊపిరి పీల్చుకున్నాను.

యాంటీబయాటిక్ ఇవ్వలేదు. "ఇంజెక్షన్ ఏమన్నా వేస్తారా మేడం" అని రెండుసార్లు అడిగాడు. ఇది చీము కాదు, ఒత్తిడికి సన్న రక్తనాళాలు చిట్లి కారిన రక్తం, ఒళ్ళే పీల్చుకుంటుంది, దానికి టైమ్ కావాలి గానీ మందు కాదు అని చెప్పి పంపాను. ముక్కులో ఎలర్జీ వాపు బాగా ఉంది, వేరుశనక్కాయలు కొట్టే రోజుల్లో తుమ్ములు ఆగవంట, దానికి స్టెరాయిడ్ స్ప్రే రాశాను. నీళ్ళలోకి దిగొద్దు, గట్టిగా చీదొద్దు అన్నాను.

చెవి ఎందుకు ఇంత తేలిగ్గా దెబ్బతింటుందో అతనికి ఎట్లా చెప్పాలా అనుకుని కొండ లెక్క చెప్పాను, అది నాకే కొత్తగా అనిపించింది కాబట్టి ఇక్కడ రాస్తున్నా. తిరుపతి నుంచి తిరుమలకి ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. అంత ఎత్తు దిగితే గాలి ఒత్తిడి పెరిగేది సుమారు 80 హెక్టోపాస్కల్స్. నీళ్ళలో చూస్తే అది 80 సెంటీమీటర్ల లోతు, అంతే, నడుము లోతు కూడా కాదు. ఏడుకొండలు దిగడానికి బస్సుకి పట్టే టైమంతా మన చెవికి దొరుకుతుంది, మధ్యలో గుటకలు వేస్తాం, ఆవలిస్తాం, ముక్కు వెనక నుంచి మధ్యచెవికి గాలి చేర్చే సన్న గొట్టం, యుస్టేషియన్ ట్యూబ్, పది సార్లు తెరుచుకుంటుంది, అయినా కొంతమందికి చెవి పట్టేస్తుంది. తలకిందులుగా బావిలోకి దూకినోడు అదే ఒత్తిడిని ఒక్క సెకనులో దాటేస్తాడు.

ఇంకో సంగతి, ఆ ట్యూబ్ మామూలుగా మూసుకునే ఉంటుంది, అంగిలి కండరాలు లాగితేనే తెరుచుకుంటుంది. బయటి ఒత్తిడి లోపలికంటే ఒక 90 మిల్లీమీటర్ల పాదరసం ఎక్కువైందంటే ఆ కండరాలు ఇక దాన్ని లాగలేవు, తాళం పడిపోతుంది. నీళ్ళలో అది 1.2 మీటర్ల లోతు, అంటే అప్పటిదాకా చెవిలోకి గాలి ఒక్కసారి కూడా పంపకపోతే ఆ తర్వాత పంపడం దాదాపు కుదరదు. లోతుకి పోతే చెవి పోతుంది అని అందరూ అనుకుంటారు గానీ చాలాసార్లు చెవి పోయేది పైన మొదటి రెండు మీటర్లలోనే, లోతుకి పోయాక తెలుస్తుంది అంతే.

అయిదు వారాలకి కర్ణభేరి మామూలుగా అయింది, కర్ణభేరి కదలిక చూసే టింపనోగ్రామ్ కూడా బాగుంది. ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఇక మునగను అని అతను ఎట్లాగూ అనడు, అందుకని జాగ్రత్తలు చెప్పాను. ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి ఊదు, దాన్నే వాల్సాల్వా అంటారు, నొప్పి రాకముందే మొదలుపెట్టు, మునిగే రోజు జలుబుంటే ముక్కు దిబ్బడ డ్రాప్స్ వేసుకో, అయిదు రోజులకి మించి వాడొద్దు అన్నాను. క్లినిక్‌లో చేయించి చూశాను కూడా, కర్ణభేరి చక్కగా కదిలింది. వాల్సాల్వా నేర్పడంలో పుస్తకం ప్రకారం తప్పేం లేదు. కానీ కుర్చీలో నిటారుగా కూర్చుని, ఛాతీ నిండా గాలి పెట్టుకుని చేసినదానికీ బావిలో తలకిందులుగా చేసేదానికీ పోలిక లేదు, ఆ తేడా నాకు తట్టలేదు.

ఏడు వారాల తర్వాత భార్య పట్టుకుని నడిపించుకుంటా వచ్చాడు. ముందు రోజు సాయంత్రం మునిగాడంట, డ్రాప్స్ వేసుకున్నాడు, అయిదు రోజులు అన్న డ్రాప్స్ మెడికల్ షాపులో కొని కొని నెల దాటి వాడతా ఉన్నాడు, దాంతో ముక్కు లోపల వాపు తిరిగి పెరిగిపోయింది. మూడో మట్టులో కుడిచెవి తెరుచుకోలేదు, అయినా అయిదో మట్టు దాకా దిగిపోయాడు. నేను చెప్పిన ఊదడం గుర్తొచ్చి బలమంతా పెట్టి ఊదాడు. లోపల ఏదో టప్పుమంది, బావి గోడలు గిర్రున తిరిగినాయి, పైకి ఏదో కిందికి ఏదో తెలియలేదంట, చేతిలో మోకు ఉండబట్టి బతికాడు. రాత్రంతా వాంతులు, చెవిలో హోరు.

ఫోర్క్ నుదుటి మీద పెట్టాను. ఎడమ చెవిలో వినపడుతోంది అన్నాడు.

ఆ ఒక్క మాటతో కేసు మారిపోయింది. నీళ్ళలో తల తిరగడానికి కారణాలు రెండు మూడున్నాయి. ఒక చెవి తెరుచుకుని ఇంకోటి తెరుచుకోకపోతే కాసేపు తిరుగుతుంది, అది నిమిషాల్లో పోతుంది. చిల్లు పడి ఒక చెవిలోకి చల్లటి నీళ్ళు పోయినా తిరుగుతుంది, అదీ నీళ్ళు వేడెక్కితే తగ్గుతుంది, పైగా ఇతనికి చిల్లు లేదు. ఇతనికి రాత్రంతా ఉంది, ఆడియోగ్రామ్‌లో ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర నరం వినికిడి పడిపోయింది. గట్టిగా ఊదినప్పుడు తలలో ఒత్తిడి పెరిగి లోపలి చెవి నీరు రౌండ్ విండో పొరని, అంటే లోపలి చెవికీ మధ్యచెవికీ మధ్య ఉండే పల్చటి పొరని, లోపల్నుంచి తోస్తుంది, అటు మధ్యచెవిలో చూస్తే గాలి లేక లాగేసి ఉంది, రెండు వైపులా కలిసి పొర చిరిగి ఉండొచ్చు, లేదా లోపలే రక్తం కారి ఉండొచ్చు. తెరిచి చూస్తే తప్ప ఖాయంగా చెప్పలేం.

తెరవాలా వద్దా అన్నది రెండో నిర్ణయం. అప్పటికి ఇరవై గంటలే అయింది, వినికిడి పూర్తిగా పోలేదు, వాంతులు కొంచెం తగ్గుముఖం. అందుకే ముందు పడక, తల కింద ఎత్తు, ముక్కడం, చీదడం, బరువులెత్తడం బంద్, మలబద్ధకం లేకుండా మందు, స్టెరాయిడ్ మాత్రలు. రెండు రోజులకోసారి ఆడియోగ్రామ్, వినికిడి ఇంకొంచెం పడినా, తిరగడం ఆగకపోయినా పెద్దాసుపత్రికి పంపి పొర మూసే ఆపరేషన్ చేయించాలని ముందే రాసిపెట్టుకున్నాను. ముందే రాసుకోకపోతే రోజూ "రేపు చూద్దాంలే" అనిపిస్తుంది, నాకు నా సంగతి తెలుసు. ఒక ఫ్రెండ్ డాక్టర్ ప్రెషర్ చాంబర్ ట్రీట్‌మెంట్ అన్నారు గానీ నేను ఒప్పుకోలేదు, ఇతను సిలిండర్ గాలి పీల్చలేదు, ఒకే గుక్క మీద ఎనిమిది మీటర్లు పోయి వచ్చాడు, రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టే పరిస్థితి కాదు, పైగా చాంబర్లో మళ్ళీ ఒత్తిడే పెడతారు, తెరుచుకోని చెవికి అది ఇంకో బావి.

మూడో రోజు రౌండ్‌లో అతని భార్య ఊరికే మాటల్లో అన్నది ఇది: "చెవి సరే మేడం, ఆ దినం దగ్గితే రక్తం కూడా పడిండాది, మీకు చెప్పొద్దన్నాడు."

నాకు కాళ్ళు చల్లబడ్డాయి. మధ్యచెవిలో, ముక్కు వెనకాల కారిన రక్తం గొంతులోకి దిగి ఉమ్మితే పడొచ్చు, అది మామూలే. కానీ ఇతను ఉమ్మలేదు, నీళ్ళలోంచి లేచిన అయిదు నిమిషాలకి ఛాతీలో బిగువు, దగ్గు, దగ్గుతో పాటు ఎర్రటి నురగ. ముక్కులోకి స్కోప్ వేసి చూస్తే ముక్కు వెనక రక్తం జాడ లేదు. దగ్గుతో రక్తం అంటే మన దగ్గర టీబీ కాదని తేల్చుకోకుండా ఇంకో మాట మాట్లాడకూడదు, గళ్ళ పరీక్ష, ఎక్స్‌రే రెండూ చేయించాం, ఫిజీషియన్ చూశారు. రెండింట్లో ఏమీ లేదు, ఆక్సిజన్ 98. అప్పుడు నేను మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అడిగాను. "నువ్వు మునిగే ముందు ఊపిరి ఎట్లా తీసుకుంటావు?"

"తీసుకోను మేడం, వదుల్తాను" అన్నాడు.

నిండా పీలిస్తే నీళ్ళు పైకి తేలుస్తాయి, కాళ్ళు కొట్టీ కొట్టీ అలిసిపోతాం, అందుకని సగం ఊపిరి వదిలేసి మునిగితే రాయిలాగా దిగిపోవచ్చు. ఇది వాళ్ళ మామ నేర్పిన ఉపాయం. పదేళ్ళు మూడు మట్ల బావుల్లో పనిచేసింది. నిండిన బావుల్లో అయిదు మట్లకి దిగేసరికి ఎదురు తిరిగింది.

లెక్క చూడండి. సముద్రంలో పది మీటర్లకి, మంచినీళ్ళలో ఇంకొంచెం ఎక్కువకి ఒక వాతావరణం ఒత్తిడి చేరుతుంది, ఒత్తిడి రెట్టింపైతే గాలి సగమవుతుంది, బాయిల్ అనే శాస్త్రవేత్త 1662లో చెప్పింది ఇదే. ఎనిమిది మీటర్ల దగ్గర ఒత్తిడి సుమారు 1.8 రెట్లు. ఇతని ఊపిరితిత్తుల్లో నిండా 5 లీటర్లు పడతాయనుకుంటే, నిండుగా దిగితే అడుగున 2.8 లీటర్లుగా నలుగుతుంది, ఏమీ కాదు. సగం వదిలి 2.5 లీటర్లతో దిగితే అడుగున 1.4 లీటర్లే. మనం ఎంత బలంగా గాలి వదిలినా ఊపిరితిత్తుల్లో ఇంకా మిగిలే గాలి కూడా దాదాపు అంతే. ఇంకోలా చెప్పాలంటే ఎనిమిది మీటర్ల బావిలోనే ఇతని ఛాతీ నిండు ఊపిరితో ఇరవై అయిదు మీటర్లు దిగినోడి ఛాతీ అంత నలిగింది. పక్కటెముకలు ఇక లోపలికి రానప్పుడు ఆ ఖాళీని నింపడానికి రక్తం వచ్చి చేరుతుంది, సన్నటి నాళాలు ఉబ్బుతాయి, ఎక్కువైతే చిట్లి గాలి గదుల్లోకి కారుతుంది. డైవర్లు దీన్ని లంగ్ స్క్వీజ్ అంటారు. నేను చూసేసరికి మూడు రోజులైంది కాబట్టి ఎక్స్‌రేలో పట్టుకోలేకపోయాం, కథ, లెక్క రెండూ కలిసినందుకే ఇదని నమ్ముతున్నాను.

"మరి వాళ్ళు వంద మీటర్లు పోతారు గదా" అన్నాడు వీడియోలు గుర్తొచ్చి. పోతారు. జాక్ మేయోల్ అనే ఫ్రెంచ్ ఫ్రీడైవర్ 1976లోనే వంద మీటర్లు దిగాడు. అంతకుముందు ఛాతీ నలిగి చచ్చిపోతారు అని డాక్టర్లే అనేవాళ్ళు, 1968లో రాబర్ట్ క్రాఫ్ట్ అనే అమెరికా నేవీ మనిషి 73 మీటర్లు దిగాడు, ఆ కాలంలో అతని మీద చేసిన పరీక్షల్లో రక్తం ఛాతీలోకి వచ్చి చేరుతుందని తెలిసింది. కానీ వాళ్ళు నిండా పీల్చుకుని దిగుతారు, ఏళ్ళ తరబడి ఛాతీని సాగదీసుకుంటారు, లోతు మెల్లగా పెంచుకుంటారు. ఇతను సగం గుక్కతో, పొద్దున టీ తాగి, రెండు వేల రూపాయలకి దిగుతున్నాడు.

నాకు అప్పుడు తెలిసొచ్చింది, చెవి ఒక జబ్బు ఊపిరి ఒక జబ్బు కాదు. చెవిలోకి పంపాల్సిన గాలి వచ్చేది ఊపిరితిత్తుల నుంచే. అవే సగం ఖాళీగా ఉంటే, తలకిందులుగా ఉంటే, మూడో మట్టు దగ్గర నోట్లోకి తెచ్చుకోవడానికి గాలి ఎక్కడుంది? ఛాతీ బలంతో ఊదమని నేను చెప్పాను, ఊదడానికి గాలి లేదు, అందుకే ఇంకా బలం పెట్టాడు, పొర చిరిగింది. నా సలహా అతని అలవాటు మీద పడి ఇంత పని చేసింది. మునిగే పద్ధతి ముందే అడిగి ఉంటే ఆ సలహా ఇచ్చేదాన్ని కాదు.

తల తిరగడం అయిదో రోజుకి తగ్గింది. వినికిడి మూడు వారాల్లో చాలావరకు వెనక్కి వచ్చింది, 6000, 8000 హెర్ట్జ్ దగ్గర మాత్రం రాలేదు, రాదు కూడా. ఇట్లాంటి దెబ్బ తర్వాత మళ్ళీ మునగొద్దనే చాలామంది డాక్టర్లు చెప్తారు, నేనూ ముందు అదే చెప్పాను. "సరే మేడం" అన్నాడు, ఆ సరే ఎట్లాంటిదో నాకు తెలుసు. అందుకే ఆరు నెలలు ఖచ్చితంగా మానిపించి, ఆ ఆరు నెలల్లో ఫ్రెంజెల్ నేర్పాను. రెండో ప్రపంచ యుద్ధం కాలంలో హెర్మన్ ఫ్రెంజెల్ అనే జర్మన్ డాక్టర్ డైవ్ బాంబర్ పైలట్లకి నేర్పిన పద్ధతి అది, చెవుల్లోకి గాలి పంపడానికి ఇప్పుడు చాలామంది ఫ్రీడైవర్లు వాడేది అదే. ఇందులో ఛాతీకి పని లేదు. బరువు ఎత్తేటప్పుడు గొంతు బిగబడతామే, అట్లా గొంతు మూయాలి, ముక్కు మూయాలి, నోట్లో ఉన్న కాస్త గాలిని నాలుకతో వెనక్కి తోయాలి. నాలుక ఎట్లా కదలాలి అంటే ఎవరికీ అర్థం కాదు, "క్" అని పొల్లుగా, శబ్దం బయటికి రాకుండా పలుకు అంటే వచ్చేసింది. సరిగ్గా చేస్తున్నాడా లేదా అన్నదానికి ఒక పరీక్ష ఉంది, ఊపిరి వదిలేసి చేయమనాలి. ముక్కు రెక్కలు ఉబ్బి పొట్ట కదలకుండా ఉంటే అది ఫ్రెంజెల్, పొట్ట బిగిస్తే అది పాత వాల్సాల్వానే. పాలు పిండేటప్పుడు కూడా ప్రాక్టీస్ చేసేవాడంట. నేను కూడా అద్దం ముందు నేర్చుకున్నా, నాకు అతనికంటే ఎక్కువ రోజులు పట్టింది.

డ్రాప్స్ పూర్తిగా మాన్పించాం, మాన్పించిన మొదటి వారం రోజులూ ముక్కు మూసుకుపోయి నన్ను తిట్టుకున్నాడు. స్టెరాయిడ్ స్ప్రే ఇన్నాళ్ళూ ముక్కు మధ్య గోడకి కొట్టుకుంటున్నాడని అప్పుడు చూశాను, కుడిచేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమచేత్తో కుడి ముక్కులోకి, బయటి కంటి వైపు తిప్పి కొట్టమని చూపించాను. ఈ చిన్న పని మొదటి రోజే చేయొచ్చు.

ఆరు నెలల తర్వాత ఒప్పందం ఇదీ: బిందెలు, ఫుట్‌వాల్వులకి కొక్కేల గాలం వేయాలి, మనిషి దిగకూడదు. తప్పనిసరైతే రెండు మట్లకి మించకూడదు. నిండు ఊపిరితో, మోకు పట్టుకుని, కాళ్ళు కిందికి పెట్టి దిగాలి, తల పైకుంటే చెవి తేలిగ్గా తెరుచుకుంటుంది. తల నీళ్ళలో మునగగానే ఒకసారి, తర్వాత ప్రతి మూరకీ ఒకసారి గాలి పంపాలి, ఒక్కసారి పలకకపోతే అక్కడే ఆగి పైకి లేవాలి, ఊదడం లేదు. గట్టు మీద ఈత వచ్చిన మనిషి లేకుండా దిగకూడదు. దిగేముందు గబగబా ఊపిరి పీల్చి వదలకూడదు, అట్లా చేస్తే ఊపిరి ఆడలేదన్న సూచన ఆలస్యమవుతుంది, పైకి వస్తుండగా ఒత్తిడి తగ్గి రక్తంలో ఆక్సిజన్ ఒక్కసారిగా పడిపోయి గట్టు దగ్గరికొచ్చి స్పృహ తప్పుతుంది. ఇందులో ఎన్ని పాటిస్తున్నాడో నాకు తెలియదు. ఆడియోగ్రామ్ అయితే ఏడాదిగా ఎక్కడిదక్కడే ఉంది.

మొన్న కొండకి పోయి గుండుతో వచ్చాడు, భార్య, ఎనిమిది నెలల పాప. దిగేటప్పుడు ప్రతి మలుపులో నాలుకతో "క్" అనుకుంటా వచ్చాడంట, చెవి ఒక్కసారి కూడా పట్టలేదు. పాప మాత్రం సగం దారిలో గుక్కపట్టి ఏడ్చింది, బస్సులో అందరూ ఆకలేమో, దిష్టేమో అంటుంటే ఇతనే వాళ్ళావిడతో అన్నాడంట, "పాలు పట్టు, గుటక వేస్తే చెవి తెరుచుకుంటాది."